నాలుగు మూలలు

డండీ, స్కాట్లాండ్
1998 జులై 12

బావకి,

పరీక్ష పాసయ్యానని ఫోన్లో చెప్పాను. ఇక ఈ దేశంలో పళ్ళ డాక్టరుగా పని చేసుకోవచ్చు. ఫోన్లో చెప్పే లోపల లైను తెగిన సంగతి ఇది: ఇక్కడి డెంటల్ కాలేజీలో ఆర్థోడాంటిక్స్ సీటు వచ్చింది. వంకర పళ్ళను వైరు వేసి సరిచేసే చదువు. మూడేళ్ళు. అక్టోబరులో మొదలు.

ఒక షరతు ఉంది. నా బీడీఎస్ మార్కుల పత్రాన్ని యూనివర్సిటీ తనంతట తాను కవరులో పెట్టి అంటించాలి. మూత మీద సగం, కవరు మీద సగం పడేలా ముద్ర వెయ్యాలి. ఇక్కడి ఆఫీసు చింపేదాకా ఎవరూ విప్పకూడదు. సెప్టెంబరు నడిమికి చేరాలి. చేరకపోతే సీటు జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. మన యూనివర్సిటీ విదేశాలకు పోస్టు చెయ్యదు. మనిషి వస్తే చేతికిస్తుంది. కాబట్టి నువ్వే పోయి తీసుకుని మదనపల్లె పెద్ద పోస్టాఫీసులో రిజిస్టరు చెయ్యాలి.

ఈ చదువు ఎందుకని అందరూ అడిగారు. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను. కుప్పం క్లినిక్‌లో ఉన్నన్నాళ్ళూ నేను పళ్ళు పీకాను, పుచ్చులు పూడ్చాను. పూలమ్మే గంగులమ్మ కూతురు సింధూజ నవ్వితే చెయ్యి నోటికి అడ్డం వచ్చేది. ముందు పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండేవి. బెంగుళూరు పొమ్మని చీటీ రాసిచ్చాను. వాళ్ళు పోలేదు. అలాంటి చీటీలు చాలా రాశాను.

బస్టాండులో అత్త అన్న మాట గుర్తుంది. "వంకర పండ్ల కోసరం ఫారిన్ పోవల్నామ్మే? మన పక్క వంకర పండ్లకి కరువొచ్చిందా?" నాన్నకు అక్కగా ఉన్నప్పుడూ అదే నోరు, నాకు అత్తగారయ్యాకా అదే నోరు. అడిగానని చెప్పు.

వాణి


మదనపల్లె
1998 ఆగస్టు 29

వాణీ,

కవరు పంపాను. పుంగనూరు సబ్‌స్టేషన్‌లో నా డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, సెలవు పెట్టి యూనివర్సిటీకి పోయాను. సెక్షన్‌లో గుమాస్తా పేరు చెంగయ్య. మనవైపు మనిషే, గంగవరం. నా కళ్ళముందే పత్రం మడిచి లోపల పెట్టి, జిగురు రాసి, ఊదారంగు ముద్ర వేశాడు. సగం మూత మీద, సగం కవరు మీద. నువ్వు రాసినట్టే.

మదనపల్లె చేరేసరికి పోస్టాఫీసు మూసేశారు. కవరు ఇంటికి తెచ్చి దేవుని గూట్లో పెట్టాను. "దీంట్లోనే ఉండాదా వాణి సదువంతా?" అని అమ్మ అడిగింది. ఉందన్నాను. రెండు చేతుల్తో తీసుకుని బరువు చూసింది. "ఇంతేనా" అంది.

పొద్దున పోస్టాఫీసు తలుపు తీయకముందే పోయి నిలబడ్డాను. రసీదు బీరువాలో ఉంది.

వానలు లేవు. బోర్లకు కరెంటు చాలక రైతులు రోజూ మా ఆఫీసు ముందర కూర్చుంటున్నారు. తిట్లన్నీ కొత్తగా చేరిన ఇంజనీర్లకే పడతాయి కాబట్టి నాకు కొదవలేదు.

చరణ్


డండీ
1998 సెప్టెంబరు 21

బావకి,

కవరు గడువులోనే వచ్చింది. ఒప్పుకోలేదు.

ఆఫీసులో మార్గరెట్ అనే ఆమె నన్ను పిలిచి చూపించింది. ముద్ర రెండు సగాలూ కలవడం లేదు. మూత మీది సగం పక్కకు జరిగి ఉంది. ఎవరో విప్పి మళ్ళీ అంటించారని చెప్పింది. మార్కులు ఎవరూ మార్చలేదని నేనన్నాను. "మార్చారని మేం అనడం లేదు. మార్చలేదని మాకు తెలిసే దారి పోయింది" అంది. మర్యాదగానే చెప్పింది.

సీటు తర్వాతి మనిషికి ఇచ్చేశారు. కొత్త కవరు సరిగ్గా వస్తే వచ్చే ఏడాది నాకిస్తారట.

నీ కళ్ళముందే అంటించారని రాశావు. ఆ తర్వాత కవరు ఎక్కడెక్కడ ఉందో, ఎవరి చేతుల్లో ఉందో రాయి.

వాణి


మదనపల్లె
1998 అక్టోబరు 8

వాణీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అడిగినదానికి జవాబు: బస్సులో నా సంచిలో ఉంది. ఇంట్లో ఒక రాత్రి. తర్వాత పోస్టాఫీసు. ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో మనకు తెలియదు. ఎండకు జిగురు ఊడి ఉంటుంది. యూనివర్సిటీ జిగురు అంతంత మాత్రం. పోస్టులో ఎవరో చూసి మంచికేనని మళ్ళీ అంటించి ఉంటారు.

కొత్త కవరు తెస్తాను. కానీ ఏడాదిపాటు అక్కడ ఖాళీగా ఎందుకు? వచ్చి ఇక్కడే ఉండి, సీటు వచ్చినప్పుడు పోవచ్చు. కుప్పం క్లినిక్‌లో నీ కుర్చీలో ఇంకా ఎవరినీ కూర్చోబెట్టలేదు. మొన్న అటు పోయినప్పుడు అడిగాను.

టొమేటో ధర పడిపోయింది. మార్కెట్ యార్డు బయట రోడ్డంతా ఎర్రగా ఉంది. అమ్మ బాగుంది.

చరణ్


డండీ
1998 నవంబరు 2

బావకి,

రాను. ఒక క్లినిక్‌లో పని దొరికింది. అక్కడి డాక్టరు ఊళ్ళు తిరిగే మనిషి, వారానికి కొన్ని రోజులు ఆయన కుర్చీ నాది. ఖాళీగా లేను.

జిగురు సంగతి ఆలోచించాను. ఆ గుమాస్తా పేరు చెంగయ్య అని నువ్వే రాశావు. రిజిస్ట్రారుకు ఫిర్యాదు రాద్దామనుకుంటున్నాను. సరిగా అంటించనివాడి మీద చర్య తీసుకుంటే తర్వాత పోయేవాళ్ళకైనా మేలు. నీ అభిప్రాయం రాయి. అది వచ్చేదాకా ఆగుతాను.

వాణి


పుంగనూరు, సబ్‌స్టేషన్
1998 నవంబరు 20

వాణీ,

ఫిర్యాదు రాయొద్దు. చెంగయ్య తప్పేమీ లేదు. ఇది ఇంట్లో కూర్చుని రాయలేక ఆఫీసులో రాస్తున్నాను.

నీ సెప్టెంబరు ఉత్తరం వచ్చినప్పుడు అమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తోంది. చదివి వినిపించాను. ఎవరో కవరు విప్పి అంటించారట అన్నాను.

"నేనే గదప్పా ఇప్పింది" అంది, తలెత్తకుండా.

"యాల ఇప్పితివమ్మా?"

"పసుపు పెట్టకుండా ఎట్ల పంపిస్తావు? పెండ్లి కార్డుకి పెడతాం. పొలం పత్రానికి పెడతాం. ఆ పిల్ల సదువంతా దాంట్లోనే ఉండాదని నువ్వే గదా సెప్పితివి."

కవరు మీద పెట్టి ఉంటే సరిపోయేదన్నాను.

"బొట్టు నొసటికి పెడతారా, రవికకి పెడతారా?"

అన్నం కుండ ఆవిరి మీద కవరు పట్టి, దాని మూత విప్పిందట. పత్రానికి నాలుగు మూలలా పసుపు పెట్టి, మెతుకులు మెదిపి అంటించిందట. ఎక్కడా చిరగకుండా పదిలంగా తీశానని కూడా చెప్పింది, అది నేను మెచ్చుకోవలసిన విషయమైనట్టు. విప్పకూడదని నేను ఆమెకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. దేవుని గూట్లో పెట్టినదాన్ని ఏం చెయ్యాలో అమ్మకు తెలిసినట్టే చేసింది.

ఆ మెతుకుల వల్ల సీటు పోయిందని చెప్పాను. మొదట నమ్మలేదు. నమ్మాక చింతపండు పక్కన పెట్టేసి లోపలికి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

నీకు రాయొద్దని అమ్మ అనలేదు. "నేనే జేసినానని రాయప్పా" అంది. రాయనిది నేను. ఫారిన్ వద్దన్న మనిషే కవరు విప్పిందని తెలిస్తే నువ్వు వేరేగా అనుకుంటావని భయపడ్డాను. అది సగం. సీటు పోయిందని చదివినప్పుడు బాధ కలిగింది. దాని వెనకాలే ఇంకొకటి కూడా కలిగింది. దాని పేరు రాయను. ఇక్కడికి రమ్మని నేను రాసిన వాక్యంలో అది ఉంది.

చరణ్


డండీ
1998 డిసెంబరు 9

బావకి,

ఫిర్యాదు రాసే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు.

కవరును సెప్టెంబరులోనే నాకు తిరిగి ఇచ్చేశారు. అది ఎక్కడెక్కడ ఉందని నీకు రాసేటప్పుడు నా బల్లమీదే ఉంది. పత్రానికి నాలుగు మూలలా పసుపు. మూత లోపల ఒక మెతుకు సరిగా మెదగక ఎండి గాజుముక్కలా ఉంది. అది ఏ ఇంటి మెతుకో తెలుసుకోవడానికి నాకు ఎవరి సహాయమూ అక్కరలేదు. నువ్వు రాస్తావని చూశాను. నువ్వు జిగురు గురించి రాశావు.

అత్తమీద కోపం లేదు. ఆమె చదవలేని కాగితానికి ఆమెకు తెలిసిన మర్యాద చేసింది. కోపం నీ మీద. తెలిసీ తెలియనట్టు అడగడం, చెంగయ్య పేరు పెట్టి నిన్ను బెదిరించడం నావైపు తప్పు. ఇద్దరం సమానమని మాత్రం అనను. నువ్వు కొంచెం ముందున్నావు.

నువ్వు పేరు రాయనిది నాకూ కలిగింది. సీటు పోయిందని మార్గరెట్ చెప్పినప్పుడు, ఇక ఇంటికి పోవచ్చు కదా అనిపించింది. మెట్లు దిగేదాకా ఉంది. వీధిలోకి వచ్చాక సింధూజ చెయ్యి గుర్తొచ్చింది.

ఈ ఏడాది ఇక్కడే ఉంటాను. రెండో కవరు నువ్వే తేవాలి. అత్తకు చెప్పే తీసుకురా. ఇకనుంచి నాకు తెలియవలసింది నాకు రాయి, బాగున్నా బాగాలేకపోయినా.

అత్త అన్నం తింటోందా?

వాణి


మదనపల్లె
1999 మార్చి 14

వాణీ,

తింటోంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. నన్ను తిట్టిన చోట మళ్ళీ చదవమంది.

రెండో కవరు పోస్టయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బయలుదేరేటప్పుడు అమ్మ పేపరు ముక్కలో పసుపు పొట్లం కట్టి నా జేబులో పెట్టింది. "సీలు ఏసేముందరే లోపల పెట్టించుకో. అట్నుంచి అట్నే పంపించేయ్. ఇంటికి తేవద్దు" అంది. వద్దని చెప్పలేకపోయాను. అక్కడ బయటికి తీయడమూ చేతకాలేదు. చెంగయ్య జిగురు సీసా మూత తిప్పుతుంటే అప్పుడు పొట్లం బల్లమీద పెట్టి, విషయం చెప్పాను.

"ఇది ఆఫీసప్పా, గుడి గాదు" అన్నాడు చెంగయ్య.

సెక్షన్ ఆఫీసరు జయమ్మ అనే ఆమె అవతలి బల్ల దగ్గరనుంచి వింటోంది. ఏమిటని అడిగింది. మొదటి కవరు సంగతి అంతా చెప్పాను, జిగురు మీద నేను వేసిన నింద కూడా. ఆమె నవ్వలేదు. లేచి వచ్చి చేతులు కడుక్కుని, పత్రం తిరగేసి, వెనకవైపు నాలుగు మూలల్లో ఆవగింజంత ఆవగింజంత పసుపు పెట్టింది. "మా పాప హాల్‌టికెట్‌కు నేనూ పెట్టినాలే. ముందువైపు మార్కులుండాయి, అక్కడ పెడితే ఒప్పుకోరు" అంది. ఆరేదాకా చెంగయ్యను జిగురు ముట్టనివ్వలేదు.

చెంగయ్య ఈసారి జిగురు రాసి, దాని మీద టేపు వేసి, లక్క కరిగించి పోశాడు. "ఇంక మీయమ్మ ఆవిరి గాదు, ఆవిరి ఇంజనే తెచ్చినా ఊడదు" అన్నాడు.

ఆ ఊళ్ళోనే పోస్టు చేశాను. ఇంటికి తేలేదు.

చరణ్


డండీ
1999 జూన్ 3

బావకి,

ఒప్పుకున్నారు. సీటు ఖాయం.

లక్క పగలగొట్టడానికి మార్గరెట్‌కు కత్తెర అవసరమైంది. పత్రం తీసి, తిప్పి, ఈ పచ్చ మరకలేమిటని అడిగింది. మంచి పనికి పోయే కాగితానికి మావాళ్ళు పసుపు పెడతారని చెప్పాను. ఇది యూనివర్సిటీ పద్ధతా అంది. ఇంటి పద్ధతి, యూనివర్సిటీ చేత పెట్టించారు అన్నాను. ఫైల్లో రాసుకుంది: మరకలు సీలుకు ముందువి, అభ్యంతరం లేదు.

ఈ ముక్క అత్తకు చదివి వినిపించు. జయమ్మగారికి నా పేరుతో ఒక కార్డు రాయి. చెంగయ్యకు కూడా.

వాణి


మదనపల్లె
2001 నవంబరు 18

వాణీ,

చదువు ముగిశాక ఇక్కడికి వస్తే దానికి ఏం విలువ ఉంటుందని ఫోన్లో అడిగావు. అప్పటికి నాకు తెలియదు. హైదరాబాదు పోయి డెంటల్ కౌన్సిల్ ఆఫీసులో కనుక్కున్నాను. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

నీ కోర్సు వాళ్ళ జాబితాలో లేదు. లేదంటే గుర్తింపు రాదని కాదట. కాలేజీ నుంచి పత్రాలు సీలు కవరులో రావాలి. పోస్టులో వచ్చినా సరే, మనిషి తెచ్చినా సరే, సీలు చెడకూడదు. కమిటీ చూస్తుంది. ఎప్పుడు చూస్తుందో చెప్పలేమన్నారు.

వరండాలో ఒక డాక్టరు కనిపించాడు. వేరే దేశంలో ఇదే చదువు చదివి వచ్చినవాడు. అతని కాగితాలు ఇంకా లోపలే ఉన్నాయి. బోర్డు మీద బీడీఎస్ అని మాత్రమే రాసుకున్నాడు. వైర్లు వేస్తున్నాడు, అడ్డం చెప్పినవాళ్ళు లేరు. "పని ఆపరు, పేరు ఇవ్వరు" అన్నాడు. అంటే నువ్వు వస్తే స్పెషలిస్టువని రాసుకోలేకపోవచ్చు, కాలేజీల్లో ఉద్యోగం రాకపోవచ్చు. అక్కడే ఉంటే ఈ చిక్కులేవీ లేవు.

కుప్పంలో లైను పనికి పోయినప్పుడు స్టేషన్ దగ్గర గంగులమ్మ కనిపించింది. "ఆయమ్మ వస్తాదా?" అని అడిగింది. సింధూజ ఇంటర్ చదువుతోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. చెయ్యి ఇంకా నోటికి అడ్డమే ఉంది.

రమ్మని నేను రాయను. వద్దనీ రాయను. ఒకసారి నీకు తెలియవలసింది దాచాను. ఈసారి నాకు తెలిసిందంతా ఇందులో ఉంది.

చరణ్


డండీ
2002 సెప్టెంబరు 16

బావకి,

పాసయ్యాను. ఇక్కడి ఆసుపత్రిలో ఉండమన్నారు. మర్యాదగా వద్దన్నాను.

ఇక్కడ వైరు కోసం పిల్లలు ఏడాది పైగా జాబితాలో ఉంటారు. తల్లిదండ్రులు ఫోన్లు చేసి విసుక్కుంటారు. కుప్పంలో జాబితా లేదు, ఎందుకంటే పేరు రాయించుకోవడానికి డాక్టరే లేరు. బోర్డు మీద బీడీఎస్ అని రాసుకుంటాను. కమిటీ చూసిన రోజు ఇంకో అక్షరం చేర్చుకోవచ్చు, చూడకపోతే పెయింటు ఖర్చు తప్పుతుంది.

కౌన్సిల్‌కు కావలసిన పత్రాలను మార్గరెట్ నిన్న సీలు చేసింది. నేరుగా హైదరాబాదుకు పంపుతానంది. మదనపల్లెకు, నీ పేరుతో పంపమన్నాను. ఎందుకని అడిగింది. ఈ కవరు ఒక రాత్రి మా ఇంట్లో ఉండాలి అన్నాను. ఫైల్లో ఏం రాసుకుందో తెలియదు.

దేవుని గూట్లో పెట్టు. మర్నాడు తీసుకుపో.

వాణి


మదనపల్లె
2002 అక్టోబరు 5

వాణీ,

కవరు వచ్చింది. నువ్వు చెప్పినట్టే దేవుని గూట్లో పెట్టాను. విప్పకూడదని ఈసారి అమ్మకు చెప్పబోయాను. "నువ్వు సెప్పల్నా?" అంది. దాన్ని ముట్టుకోలేదు. కాలే పెనం దగ్గర నిలబడినట్టు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి, ముద్ర చుట్టూ చూసింది. రాత్రి పిల్లి దూకుతుందేమోనని గూటికి అడ్డంగా పీట పెట్టింది.

తర్వాత అడిగింది: "లోపల పసుపు పెట్టినాదా వాణి?"

పెట్టిందని చెప్పేస్తే సుఖంగా పడుకునేది. నోటిదాకా వచ్చింది. "నాకు తెల్దమ్మా, అడగతాను" అన్నాను.

మర్నాడు హైదరాబాదు పోయి ఇచ్చాను. అక్కడి ఉద్యోగి కవరును వెలుతురుకు ఎత్తి, ముద్ర మీద వేలు నడిపి, సరే అన్నాడు. రసీదు ఇచ్చాడు. కమిటీ ఎప్పుడని అడిగితే పోయినసారి చెప్పినదే చెప్పాడు.

అమ్మ రోజూ అడుగుతోంది. ఫోన్లో అడగనివ్వడం లేదు. రాసిందే నిజమట. పెట్టావా?

చరణ్


డండీ
2002 అక్టోబరు 19

బావకి,

పెట్టలేదు. మార్గరెట్‌ను అడగాలని పోయి, అడగలేక తిరిగి వచ్చాను. అత్తకు అలాగే చెప్పు.

పట్టా అసలు కాగితం నా పెట్టెలో వస్తోంది. దానికి సీలు లేదు. అత్తను పసుపు కలిపి ఉంచమను. నాలుగు మూలలూ ఖాళీగా ఉన్నాయి.

వాణి